కొత్త టవర్‌కి నీళ్ల పైపు ఎవరి డబ్బులతో?

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ భూముల వేలం జరిగింది. ఏడు ప్లాట్లు, మొత్తం 45.33 ఎకరాలు. వచ్చిన డబ్బు సుమారు 3,300 కోట్లు. అందులో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. అప్పటికి హైదరాబాద్‌లో అది రికార్డు. ఆ రాత్రి ఫ్యామిలీ గ్రూపుల్లో ఆ అంకె రాని ఫోన్ ఉండదనుకుంటా. "మన తాతగారు అప్పట్లో అక్కడ ఒక్క ఎకరం కొని పడేసుంటేనా" అనే డైలాగ్ కూడా ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు.

సరే, ఆ ఎకరంలో అసలు ఏముంది? మట్టి అదే, కింద రాయి అదే. పాతికేళ్ల క్రితం అక్కడ మేకలు తిరిగినప్పుడూ ఆ నేల అదే. మారినవన్నీ ఆ ఎకరం బయట ఉన్నాయి. ఓఆర్ఆర్ వచ్చింది. ఐటీ ఆఫీసులు దగ్గరికొచ్చాయి. కరెంటు లైను, డ్రైనేజీ, వందకి పైగా కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసే కృష్ణా నీళ్లు వస్తాయన్న నమ్మకం వచ్చింది. ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చన్న పర్మిషన్ వచ్చింది. అంటే వంద కోట్లలో చాలా భాగం ఆ ఎకరం సంపాదించుకున్నది కాదు, ఊరంతా కలిసి దాని చుట్టూ కట్టిన వాటి ధర.

మరి వాటిని కట్టడానికి డబ్బులు ఎవరిచ్చారు, ఇక ముందు ఎవరివ్వాలి? ఈ వ్యాసం దీని గురించే. సివిల్ వాళ్ల సిలబస్‌లోకి సీఎస్ఈ వాడు దూరుతున్నాడని అనుకోకండి. నాలుగైదేళ్లలో మనలో సగం మంది ఈఎంఐ కట్టేది ఇలాంటి టవర్లకే.

ముందు ఒక విషయం విడదీయాలి. స్థలం లోపల అయ్యే ఖర్చు మీద పెద్ద గొడవ లేదు. లోపలి రోడ్డు, సంప్, లిఫ్ట్, ట్రాన్స్‌ఫార్మర్, ఎస్‌టీపీ ఇవన్నీ బిల్డర్ పెట్టుకుంటాడు, ఫ్లాట్ ధరలో వసూలు చేసుకుంటాడు. గొడవంతా గేటు బయట. ఆ టవర్లో 500 కుటుంబాలు దిగాక గేటు ముందున్న రోడ్డు సరిపోదు. మెయిన్ డ్రైనేజీ లైను సన్నదైపోతుంది. నీళ్ల రిజర్వాయర్ ఇంకోటి కావాలి. సర్కారు బడి, పార్కు, బస్టాపు, ఫైర్ స్టేషన్ కావాలి. ఇవి ఆ టవర్ వల్లే కావలసి వచ్చినా, ఆ టవర్‌వి మాత్రమే కావు. చిక్కంతా అక్కడే.

మన కాలేజీలో 300 మంది పట్టే కొత్త హాస్టల్ బ్లాక్ కడుతున్నారనుకోండి. (నిజంగా కడుతున్నారని కాదు, రూమర్లు పుట్టించకండి.) కొత్త వాటర్ ట్యాంకు కావాలి, మెస్‌లో ఇంకో స్టీమ్ బాయిలర్ కావాలి. ఖర్చు అందరి ఫీజులోనూ కలిపితే సీనియర్లు, "మాకు ఉన్న ట్యాంకు సరిపోతోంది కదా, మేమెందుకు కట్టాలి?" అంటారు. న్యాయమే. కొత్తగా వచ్చిన 300 మంది మీదే వేస్తే వాళ్లు, "మీరు చేరినప్పుడు పాత ట్యాంకుకి మీరేమైనా కట్టారా?" అంటారు. అదీ న్యాయమే. ఎవరిమీదా వేయకుండా బ్లాక్ ఓపెన్ చేస్తే పొద్దున ఏడింటికి ఎవరికీ నీళ్లు రావు. మన నగరాల్లో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. దాని గురించి ఎవరూ నిర్ణయం తీసుకోరు, అదే జరిగిపోతుంది. బిల్లు ఎవరికీ వెయ్యకపోతే ఖర్చు మాయం కాదు కదా. ట్రాఫిక్‌లో గంట రూపంలో, ట్యాంకర్ రూపంలో, వానొస్తే సెల్లార్లో నిలిచే నీళ్ల రూపంలో వసూలవుతుంది. అదీ తక్కువ సంపాదించేవాళ్ల దగ్గరే ఎక్కువ.

ఓఆర్ఆర్ కథ చూస్తే ఒక్క ప్రాజెక్టులోనే రకరకాల జేబులు కనిపిస్తాయి. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. కొంత డబ్బు జపాన్ సంస్థ జైకా దగ్గర అప్పు, అంటే భవిష్యత్తులో పన్ను కట్టేవాళ్ల జేబు. దాని మీద వెళ్లేవాళ్లు టోల్ కడతారు, అది వాడేవాళ్ల జేబు. 2023లో ఆ టోల్ వసూలు హక్కుని 30 ఏళ్లకి ఒక ప్రైవేటు కంపెనీకి 7,380 కోట్లకి లీజుకిచ్చారు, అంటే ముప్పై ఏళ్ల టోల్‌ని ముందే తెచ్చుకుని వాడుకోవడం. రోడ్డు కింద పోయిన భూముల రైతులకి నష్టపరిహారం వచ్చింది, భూమి పోయింది. మరి రోడ్డుకి అటూ ఇటూ మిగిలిన భూముల వాళ్లు? వాళ్ల భూమి విలువ ఎన్నో రెట్లైంది. ఒకే ఊళ్లో, ఒకే గట్టుకి అటు ఉన్న రైతుది రోడ్డు కిందకి పోయింది, ఇటు ఉన్న రైతుది రోడ్డు పక్కకొచ్చింది. అలైన్‌మెంట్ గీసిన గీత ఒకరికి నష్టపరిహారం చెక్కు, ఇంకొకరికి జాక్‌పాట్. అందరికంటే ఎక్కువ లాభపడ్డ ఆ జేబు నుంచి వచ్చింది మాత్రం, వచ్చిన లాభంతో పోలిస్తే, చాలా తక్కువ. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా ఉంది.

ఇక అసలు లెక్కకి వద్దాం. "బిల్డర్ దగ్గర ఛార్జీ వసూలు చేస్తే ఫ్లాట్ రేటు పెంచేస్తాడు, చివరికి కట్టేది మనమే" అని అందరూ అంటారు. వినడానికి కరెక్టుగానే ఉంటుంది. కానీ ఎప్పుడూ కరెక్టు కాదు. ఎందుకో ఒక ఊహాజనిత ఎకరంతో చూద్దాం. అంకెలు లెక్క సులువుగా ఉండటానికి నేను పెట్టినవి.

ఆ ఎకరంలో 2 లక్షల చదరపు అడుగులు అమ్మొచ్చు. ఆ ఏరియాలో ధర అడుగు 8,000. మొత్తం అమ్మకం 160 కోట్లు. కట్టడానికి అడుగుకి 4,000 చొప్పున 80 కోట్లు. వడ్డీలు, అనుమతులు, మార్కెటింగ్, బిల్డర్ లాభం కలిపి 40 కోట్లు. మిగిలింది 40 కోట్లు. బిల్డర్ భూమికి ఇవ్వగలిగేది ఆ మిగిలిందే. భూమి ధర ముందు ఫిక్సయి, దానికి ఖర్చులు కలిపి ఫ్లాట్ ధర తేలుతుందని మనం అనుకుంటాం. ఎక్కువగా జరిగేది తిరగేసి: ఫ్లాట్ ధర మార్కెట్ చెబుతుంది, దాంట్లోంచి ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేది భూమి ధర.

ఇప్పుడు ప్రభుత్వం, "ఈ ఏరియాలో కట్టే ప్రతి అడుక్కీ 500 ఇన్‌ఫ్రా ఛార్జీ, వచ్చే పదేళ్లూ ఇదే రేటు" అని ముందే ప్రకటించింది అనుకోండి. మన ఎకరానికి 10 కోట్లు. బిల్డర్ ఫ్లాట్‌ని 8,500కి అమ్మబోతే కొనేవాళ్లు తెల్లాపూర్ వైపో, నల్లగండ్ల వైపో 8,000కి దొరికేది చూసుకుంటారు. కాబట్టి అతను భూమి దగ్గరే బేరం తగ్గిస్తాడు. "40 కాదండీ, 30కైతే తీసుకుంటా" అంటాడు. పక్క బిల్డరూ అదే అంటాడు, వాడి ఎక్సెల్ షీట్లోనూ అదే 10 కోట్లు ఉన్నాయి కాబట్టి. అంటే ఛార్జీ చలానా కట్టింది బిల్డర్, దాని భారం మోసింది భూమి యజమాని. మనవైపు ఎక్కువగా నడిచే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లోనూ ఇంతే. యజమానికి డబ్బు బదులు ఫ్లాట్లలో వాటా ఉంటుంది. ఛార్జీ ముందే తెలిస్తే ఆ వాటా 40 శాతమా 35 శాతమా అన్న బేరంలో అది కలిసిపోతుంది.

అదే ఛార్జీని బిల్డర్ 40 కోట్లు పెట్టి భూమి కొనేశాక వేశారనుకోండి. యజమాని డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. అతని దగ్గరకి మళ్లీ వెళ్లలేం. బిల్డర్ తన లాభంలోంచి కొంత పెట్టుకుంటాడు, క్లబ్‌హౌస్ టైల్స్ చౌకవి వేస్తాడు, అగ్రిమెంట్లో "ఇన్‌ఫ్రా, ఇతర ఛార్జీలు" అని ఒక లైను చేరుస్తాడు. ఆ ఏరియాలో అందరికీ ఒకేసారి ఆ దెబ్బ తగిలితే ధరలు కూడా పెరుగుతాయి. అప్పుడు కట్టేది కొనుక్కునేవాళ్లే.

కాబట్టి "ఎవరు కట్టాలి" అన్న ప్రశ్నకి సగం జవాబు "ఎప్పుడు చెప్పారు" అన్నదాంట్లో ఉంది. నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే. రసీదు మీద పేరు, నిజంగా కట్టినవాడి పేరు ఒకటే కానక్కర్లేదు. దీంట్లో ఒక మెలిక కూడా ఉంది, దాచి లాభం లేదు. యజమాని "30కి అమ్మను, ఆగుతా" అనొచ్చు. తాతల భూమి, అర్జెంటేమీ లేదు. చాలామంది అలా ఆగితే కొత్త ఇళ్లు తగ్గి, ధర పెరిగి, కొంత భారం కొనేవాళ్ల మీదకి జారుతుంది. అందుకే ఛార్జీ భూమి లాభాన్నంతా మింగేసేలా ఉండకూడదు. పొలంగా ఉంటే వచ్చే ధర కంటే అమ్మితే వచ్చేది చాలా ఎక్కువగానే ఉండాలి. మన శివార్లలో ఆ తేడా ఎంతో తెలిసిందే, ఛార్జీకి చోటు బాగానే ఉంది.

ఆలస్యంగా వేస్తే ఏమవుతుందో చూడాలంటే ఎల్‌ఆర్‌ఎస్ కంటే మంచి ఉదాహరణ లేదు. లేఅవుట్ వేసేవాళ్లు రోడ్లతో పాటు పార్కు కోసం 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ చేయాలి. వేల వెంచర్లలో అది జరగలేదు. ముగ్గు పోసి, రాళ్లు పాతి, బ్రోచర్‌లో పచ్చటి పార్కు బొమ్మ వేసి, గజాల లెక్కన అమ్మేసి వెళ్లిపోయారు. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టు 26కి ముందున్న అనుమతి లేని ప్లాట్లని క్రమబద్ధీకరిస్తామంటే సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అందులో రెగ్యులరైజేషన్ ఛార్జీతో పాటు, ఖాళీ స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనం.

ఆ 14 శాతం ఎవరిది? పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నది వెంచర్ వేసినవాడు. కట్టమన్నది 150 గజాలు కొనుక్కున్న ఆటో డ్రైవర్ని, టీచర్ని, గల్ఫ్ నుంచి డబ్బు పంపిన కుర్రాడిని. పైగా వాళ్లు కట్టాక కూడా ఆ లేఅవుట్లో పార్కు పుట్టదు, ఖాళీ గజమే మిగల్లేదు కాబట్టి. డబ్బు కట్టించుకోవడం తప్పని నేను అనట్లేదు. రోడ్డూ డ్రైనేజీ ఎవరో ఒకరి డబ్బుతోనే పడాలి. కానీ బేరంలో అందరికంటే చివర నిలబడ్డవాడి దగ్గర, బేరం ముగిసిపోయాక అడగడం పద్ధతి కాదు. కట్టడానికి జనం మొండికేశారంటే, గడువులు పెంచి 2025లో 25 శాతం తగ్గింపు ఇవ్వాల్సొచ్చిందంటే ఆశ్చర్యమేముంది?

ఇక ఎత్తైన భవనాల సంగతి. చాలా నగరాల్లో ఒక స్థలంలో ఎన్ని చదరపు అడుగులు కట్టొచ్చో పరిమితి ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లో 2006లో ఆ పరిమితి తీసేశారు. స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ సరిపోతే అంతస్తులు ఎన్నైనా. ముంబైలో అదనపు ఎఫ్‌ఎస్‌ఐ కావాలంటే ప్రీమియం కట్టి కొనుక్కోవాలి. మనం దాన్ని ఒక్క సంతకంతో అందరికీ ఇచ్చేశాం. ఎక్కువ ఇళ్లు కట్టనివ్వడం మంచిదే, హైదరాబాద్‌లో ఇళ్లు కాస్త అందుబాటులో ఉండటానికి అదొక కారణమని నేనూ నమ్ముతా. కానీ పైపు డిజైన్ చేసే ఇంజనీర్ బాధ ఆలోచించండి. ఈ రోడ్డు మీద గరిష్ఠంగా ఎంతమంది ఉంటారో చెప్పే అంకె లేదు. మ్యాక్స్ సైజ్ చెప్పకుండా బఫర్ అలొకేట్ చేయమన్నట్టు. ఓవర్‌ఫ్లో అయితే మన ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, అక్కడ మ్యాన్‌హోల్ పొంగుతుంది.

దానికి విరుగుడుగానే ఇంపాక్ట్ ఫీజు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168లో, 15 మీటర్లు దాటిన భవనాలకి పై అంతస్తుల మీద ఈ ఫీజు ఉంది. నాకు నచ్చింది ఫీజు కంటే దాని కింద రాసిన షరతు. వసూలైన డబ్బు వేరే ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, అందులో సగం అదే ప్రాంతంలో మౌలిక వసతులకే ఖర్చు చేయాలి, దానికో ప్లాన్ తయారు చేసుకోవాలి. కాగితం మీద ఇంతకంటే మంచి రూల్ అడగలేం. టవర్ వచ్చిన వీధి మనిషి ఆ రూల్ చదివి, "మా వీధి టవర్లు కట్టిన ఫీజు ఇంత, దాంతో వేసిన డ్రైనేజీ ఇది" అని చూపించమని అడగగలగాలి. తెలంగాణలో బిల్డింగ్ పర్మిషన్ ఆన్‌లైన్లో నడుస్తోంది. ఫీజు రూపాయి తేడా లేకుండా లెక్కేసే సర్వర్, ఆ రూపాయి ఎక్కడికి పోయిందో చూపించలేదా? రెండు టేబుల్స్ మధ్య ఒక జాయిన్ క్వెరీ. మన సెకండ్ ఇయర్ డీబీఎంఎస్ ల్యాబ్ స్థాయి పని.

డబ్బు అక్కడే ఖర్చవాలన్నది సెంటిమెంట్ కాదు, ఫీజుకి ఉన్న ఏకైక న్యాయం అదే. అమెరికాలో ఈ వాదన కోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో ఒకాయన తన సొంత స్థలంలో చిన్న రెడీమేడ్ ఇల్లు పెట్టుకోబోతే ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజు 23,420 డాలర్లు కట్టమన్నారు. కట్టి, కేసు వేశాడు. 2024 ఏప్రిల్లో అక్కడి సుప్రీంకోర్టు, ఫీజు చట్టసభ వేసిందైనా సరే, పరీక్ష నుంచి తప్పించుకోలేదని తేల్చింది. ఆ పరీక్ష రెండు ముక్కల్లో ఉంటుంది. ఆ కట్టడం వల్ల వచ్చే అవసరానికీ ఫీజుకీ సంబంధం ఉండాలి. ఫీజు మొత్తం ఆ అవసరానికి తగ్గట్టు ఉండాలి. అదే రాష్ట్రంలో 1978లో ఓటర్లు ఇంటి పన్నుని 1 శాతం దగ్గర కట్టేశారు, పాత ఇళ్ల మీద పెంచడం కష్టమైంది. అందుకే అక్కడి ఊళ్లు కొత్త ఇళ్ల మీద ఫీజులు వడ్డించడానికి అలవాటు పడ్డాయి. కొత్తగా వచ్చేవాడికి ఆ ఊళ్లో ఇంకా ఓటు ఉండదు కదా, మోపడం తేలిక. ఈ ప్రమాదం మన దగ్గరా ఉంది. పాత బస్తీలో వందేళ్ల నాటి లైను మార్చే ఖర్చు కూడా కొత్త టవర్ మీద వేస్తే అది ఇంపాక్ట్ ఫీజు కాదు, ఎంట్రీ ఫీజు.

ఇక్కడే హాస్టల్ కొత్తవాళ్ల ప్రశ్న మళ్లీ వస్తుంది: పాతవాళ్లు కట్టారా? 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఖర్చు నిజాం ఖజానాది. అంటే రాజ్యంలో పన్ను కట్టిన ప్రతి పల్లెది. ఆ నీళ్లు తాగిన ఆబిడ్స్, నాంపల్లి ఇళ్ల దగ్గర ఎవరూ ఇంపాక్ట్ ఫీజు తీసుకోలేదు. నిజమే. కానీ అప్పటి నీళ్లు పక్కనే ఉన్నాయి. ఆ తర్వాత మంజీరా, సింగూరు దాటి, 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, 2015 నాటికి ఎల్లంపల్లి నుంచి గోదావరి. గోదావరి నీళ్లు 180 కిలోమీటర్లకి పైగా వస్తున్నాయి. నగరానికి చేరే ప్రతి కొత్త లీటరూ పాత లీటరు కంటే దూరం నుంచి, ఎక్కువ కరెంటు తాగి వస్తోంది. మొదటి లక్ష మందికి అయిన ఖర్చుతో తర్వాతి లక్ష మందికి ఇవ్వలేం. ఆ తేడా ఎవరో కట్టాలి. మహబూబ్‌నగర్‌లో పన్ను కట్టే కూలీ కంటే, ఆ నీళ్ల వల్ల భూమి విలువ పెరిగినవాళ్లు కట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

భూమి దగ్గరే తీసుకోవడం ఊహలోని మాట కాదు. అహ్మదాబాద్‌లో టౌన్ ప్లానింగ్ స్కీమ్ పద్ధతి 1915 నాటి బొంబాయి చట్టం నుంచీ ఉంది. ఒక ప్రాంతంలో అందరి భూములూ కలిపి, గీతలు చెరిపి మళ్లీ గీస్తారు. గుజరాత్ చట్టం ప్రకారం రోడ్లకి, పార్కులకి, బడులకి, ఖర్చుల కోసం అమ్ముకోవడానికి కలిపి 40 శాతం దాకా తీసుకోవచ్చు. మిగతాది చిన్నదైనా సరైన ఆకారంలో, రోడ్డు ముఖంతో యజమానికే తిరిగొస్తుంది. పెరిగిన విలువలో సగానికి మించకుండా బెటర్‌మెంట్ ఛార్జీ కూడా ఉంటుంది. అక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకి భూమి చాలావరకు ఇలాగే వచ్చింది. గట్టుకి అటువాడికి చెక్కు, ఇటువాడికి జాక్‌పాట్ అన్న అన్యాయం లేదు. అందరూ కొంచెం ఇచ్చారు, అందరిదీ పెరిగింది.

మనవాళ్లు దీన్నే ఇంకా పెద్ద స్థాయిలో చేశారు, అమరావతిలో. 2015లో సుమారు 28 వేల మంది రైతులు 33 వేల ఎకరాలకి పైగా ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. మెట్ట ఎకరానికి తిరిగొచ్చేది 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికి 1,000, 450. ఎకరమంటే 4,840 గజాలు కదా, అంటే రైతు చేతికి తిరిగొచ్చేది నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు. మిగతాదాంట్లోంచే రోడ్లు, పార్కులు, సర్కారు భవనాలు, అమ్ముకునే స్థలం అన్నీ రావాలి. పదేళ్లపాటు కౌలు కింద మెట్టకి ఏడాదికి 30 వేలు, జరీబుకి 50 వేలతో మొదలు.

లెక్క ప్రకారం చూస్తే నేను పైన చెప్పినదంతా ఇందులో ఉంది. లాభం వచ్చే భూమే ఖర్చు భరిస్తుంది, అది ముందే తెలుసు, ఆ డబ్బు అక్కడే ఖర్చవుతుంది. కానీ 2019 డిసెంబర్లో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక ఏం జరిగిందో మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. రైతు తన వంతు మొదటి రోజే ఇచ్చేశాడు. ప్రభుత్వం తన వంతు తర్వాత ఇవ్వాలి. ఆ 'తర్వాత' మధ్యలో ఆగిపోయింది. పొలం లేదు, ప్లాటుకి రోడ్డు లేదు. పనులు 2024 తర్వాతే మళ్లీ ఊపందుకున్నాయి. ఈలోపు పెళ్లిళ్లకీ చదువులకీ అవసరమై ప్లాట్లు అమ్ముకున్నవాళ్లు పడిపోయిన ధరకే అమ్ముకున్నారు. వాళ్లు ఇచ్చిన భూమి మాత్రం ఇచ్చినట్టే ఉంది.

అందుకే నేను భూమి యజమాని కట్టాలన్న వైపే ఉన్నా, ఒక షరతు చేరుస్తా. ముందు తీసుకున్నవాళ్లకి గడువు ఉండాలి. ఇన్నేళ్లలో రోడ్డు పడకపోతే వడ్డీతో వెనక్కివ్వాలి, లేదా భూమి తిరిగివ్వాలి. ఫ్లాట్ ఆలస్యం చేస్తే బిల్డర్ వడ్డీ కట్టాలని రెరా చట్టంలో ఉంది. రోడ్డు ఆలస్యం చేస్తే ప్రభుత్వానికీ అదే పద్ధతి ఎందుకుండకూడదు?

ఇంకొకటి మిగిలింది. ఇప్పటిదాకా చెప్పిందంతా పైపు వేసే ఖర్చు. పైపులో నీళ్లు నడిపే ఖర్చు వేరే, అది ప్రతి నెలా ఉంటుంది. దాన్ని ఒక్కసారి కట్టే ఫీజుతో నడపలేం. మేముండేది శివార్లలో ఒక అపార్ట్‌మెంట్. కొన్నప్పుడు బిల్డర్ "నీళ్ల లైను వచ్చేస్తోందండీ" అన్నాడు. ఇంకా వచ్చేస్తూనే ఉంది. ఈలోపు వేసవి వస్తే మెయింటెనెన్స్ బిల్లులో ట్యాంకర్ల లైను మిగతా లైన్లన్నింటి కంటే పెద్దదవుతుంది. అసోసియేషన్ మీటింగులో అందరూ ఒకరినొకరు కార్లు కడుగుతున్నారని అనుమానంగా చూసుకుంటారు. ఎస్‌టీపీ నడిపే కరెంటు మాదే, ఇంటి పన్నూ మేం కడతాం. ఇంకోవైపు, 2020 డిసెంబర్ నుంచి గ్రేటర్ హైదరాబాద్‌లో నల్లా కనెక్షన్, మీటర్ ఉన్న ఇళ్లకి నెలకి 20 వేల లీటర్లు ఉచితం. పైపు ఉన్నవాడికి నీళ్లు ఫ్రీ, పైపు లేనివాడు ట్యాంకర్ కొనుక్కుంటాడు. మా సంగతి వదిలేయండి, మేం పంచుకుని ఎలాగో కట్టేస్తాం. మా వెనక గల్లీలో రేకుల ఇళ్ల వాళ్లు డ్రమ్ముల లెక్కన కొంటారు. లీటరు లెక్క వేస్తే మా కంటే వాళ్లకే ఎక్కువ పడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఫ్లాటో ప్లాటో చూస్తుంటే, క్లబ్‌హౌస్ ఫోటోల తర్వాతైనా ఈ మూడు అడగండి. ఇంపాక్ట్ ఫీజు, డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టేసిన రసీదులున్నాయా, లేక రిజిస్ట్రేషన్ రోజున మన మీద పడతాయా? నీళ్ల కనెక్షన్‌కి వాటర్ బోర్డు ఒప్పుకున్న కాగితం ఉందా, ఉంటే లైను ఎక్కడి దాకా వచ్చి ఆగింది? పార్కు స్థలానికి గిఫ్ట్ డీడ్ అయిందా? సేల్స్ అబ్బాయి "అన్నీ క్లియర్ సార్" అంటాడు. డీడ్ నంబర్ అడగండి.